కంప్యూటరుపై గుర్తుబొమ్మల రచన

అక్షరములు రాని వారికిని అర్థమగు లిపి యొకటి కలదు. అది బొమ్మ. రైలు స్టేషనులోను, ఆసుపత్రిలోను, చేతిలోని ఫోనుపైనను మనము దినమునకు పదులకొలది చిన్న బొమ్మలను చూచి, వాని భావమును గ్రహించి, ముందునకు సాగుచున్నాము. వీనికి గుర్తుబొమ్మలని పేరు. ఇంగ్లీషున ఐకానులందురు. వీనిని కంప్యూటరుపై గీయు పద్ధతిని ఈ పాఠమున విద్యార్థులకు చెప్పదలచితిమి. తలిదండ్రులును చదువుదురుగాక యని కోరి, చివర వారికొఱకును నాలుగు మాటలు చేర్చితిమి.

మనము నివసించు ఈ సరిహద్దు సీమలో ఇంట తెలుగు, బజారున తమిళము, పొరుగు వీధిని కన్నడము వినబడును. పాఠశాల గోడపై "త్రాగునీరు" అని వ్రాయవలెనన్నచో ఏ లిపిలో వ్రాయవలెనను ప్రశ్న ముందే పుట్టును. ఒక లిపిలో వ్రాసిన ఇద్దరికి తెలియదు. మూడు లిపులలో వ్రాసినను బడిముఖమే చూడని అవ్వకు తెలియదు. ఒక మంచి బొమ్మ ఈ నలుగురికిని ఒక్కసారిగా సమాధానము చెప్పును. కావున గుర్తుబొమ్మ గీయుట ఇతరులకు వేడుక కావచ్చును గాని, మనవంటి వారికి అది నిత్యావసరము.

గుర్తుల పూర్వకథ

మన దేశమున 1951-52 సంవత్సరములలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో అధికసంఖ్యాకులు చదువనేరని వారు. అందువలన ప్రతి అభ్యర్థికి ఒక పెట్టెను పెట్టి, దానిపై అతని గుర్తును అంటించిరి. పేరు చదువలేని వాడును గుర్తును చూచి ఓటు వేసెను. ఎన్నికల సంఘమున చిత్రకారుడుగా పనిచేసి 1992లో విరమించిన ఎం.ఎస్. సేఠీ ఇట్టి గుర్తులను అనేకము గీసెను. అవి అందరును ఎరిగిన ఇంటి వస్తువులు, పొలము పనిముట్లు. ఊరివారు నిత్యము చూచు వస్తువే మంచి గుర్తగునని దీనివలన తెలియుచున్నది.

1964లో టోకియో నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు జపాను వారికి మన చిక్కే ఎదురయ్యెను. వచ్చిన విదేశీయులకు జపాను లిపి రాదు. కట్సుమి మసారు అను కళాదర్శకుని నేతృత్వమున క్రీడకొక బొమ్మ చొప్పున తయారుచేసి ఆ చిక్కును విప్పుకొనిరి. 1972లో మ్యూనిక్ క్రీడలకు ఓట్ల్ ఐఖర్ అను జర్మను చిత్రకారుడు మరియొక అడుగు ముందునకు వేసెను. నిలువు, అడ్డము, 45 డిగ్రీల ఏటవాలు అను దిశలతో ఒక గడుల వలను ఏర్పరచి, మనుష్యుల అవయవములనన్నిటిని ఆ వలపైననే నిలిపెను. కావుననే ఆతని బొమ్మలన్నియు ఒక తల్లి పిల్లలవలె కనబడును.

రెండు విధముల చిత్రములు

కంప్యూటరు చిత్రములను రెండు విధములుగా దాచును. మొదటిది చుక్కల చిత్రము. తెరపై నుండు మిక్కిలి చిన్న గడికి పిక్సెలని పేరు. ప్రక్కకు 24, నిలువునకు 24 గడులున్న చిత్రమున మొత్తము 576 పిక్సెళ్లుండును. ప్రతి పిక్సెలు రంగును కంప్యూటరు విడివిడిగా గుర్తుంచుకొనును. ఈ చిత్రమును పెంచినచో కొత్త వివరమేమియు రాదు. గడులే పెద్దవై, వంపులు మెట్లవలె కనబడును.

రెండవది వెక్టారు చిత్రము. భౌతికశాస్త్రమున వెక్టారును సదిశ యందురని పై తరగతుల వారెరుగుదురు. ఈ విధమున కంప్యూటరు చుక్కలను దాచదు. గీయవలసిన విధిని దాచును. "ఈ బిందువు కేంద్రముగా, ఇంత వ్యాసార్ధముతో వృత్తము గీయుము" అను ఆజ్ఞ యొక్కటి చాలును. బొమ్మను తపాలాబిళ్లంత చేసినను, గోడంత చేసినను కంప్యూటరు ఆ ఆజ్ఞను మరల నెరవేర్చును గనుక అంచు ఎప్పటికిని నున్నగానే యుండును. ఒకే గుర్తు ఫోనుపైనను బోర్డుపైనను ఉపయోగపడవలెను గనుక గుర్తుబొమ్మలకు ఈ పద్ధతియే తగినది.

ఇట్టి చిత్రములను దాచుటకు ఎస్.వి.జి. అను ఫైలు పద్ధతి 2001లో ప్రమాణముగా వెలువడెను. దానిని గీయుటకు ఇంక్‌స్కేప్ అను సాధనము 2003 నుండి కలదు. దీనికి రుసుము లేదు. విండోసు, లినక్సు, మాక్ మూడింటిపైనను పనిచేయును. ఈ పాఠమున దానినే వాడుచున్నాము.

కాగితము, గడులు

పని మొదలిడుటకు ముందు పెన్సిలుతో గళ్ల నోటుపుస్తకమున రెండుమూడు విధముల గీసిచూడవలెను. ఆలోచన కాగితముపై పుట్టుట సులభము.

పిమ్మట ఇంక్‌స్కేప్ తెరచి, కంట్రోలు, షిఫ్టు, డి మీటలను కలిపి నొక్కినచో పత్రముయొక్క కొలతల పట్టిక వచ్చును. అందు వెడల్పు 24, ఎత్తు 24 పిక్సెళ్లుగా ఉంచవలెను. ప్రక్కనున్న గ్రిడ్ అను భాగమున ఒక్కొక్క పిక్సెలు దూరముతో గడులను ఏర్పరచవలెను. అంకె 5 నొక్కినచో పత్రము తెరనిండ కనబడును. గీతలు గడులకు అతుకుకొనునట్లు చేయు సౌకర్యమును శాతపు గుర్తుగల మీటతో తెరవవచ్చును. మన ఇండ్లముందు ముగ్గునకు ముందు చుక్కలు పెట్టుట ఏల? గీత దారి తప్పకుండుటకు. గడులును అందులకే.

పత్రపు నలువైపుల 2 పిక్సెళ్ల అంచును విడువవలెను. మిగిలిన 20 పిక్సెళ్ల చదరములోనే బొమ్మ ఇమడవలెను. అంచు విడువనిచో ప్రక్కప్రక్కనున్న గుర్తులు ఒకదానినొకటి ఒరసికొన్నట్లుండును.

గీతల మందమునందును ఒక సూక్ష్మము కలదు. గడిగీతయనగా రెండు పిక్సెళ్ల నడుమ హద్దు. 2 పిక్సెళ్ల మందముగల గీతను సరిగా గడిగీతపై నిలిపినచో ఇటొక పిక్సెలు, అటొక పిక్సెలు నిండును. అంచు స్పష్టముగా నుండును. 1 పిక్సెలు గీతను అదేచోట నిలిపినచో ఇటు సగము, అటు సగము పడి, రెండును బూడిదరంగుగా మసకబారును. దానిని సగము పిక్సెలు జరిపి గడి నడుమ నిలుపవలెను.

కుండ బొమ్మ

ఇప్పుడు త్రాగునీటి గుర్తును గీయుదము. ఏ వస్తువును గీయవలెను? మా తరగతి పిల్లలు మూడు బొమ్మలు గీసి, ఇంటింట పెద్దలకు చూపి రావలెనని నియమించితిమి. కుళాయి బొమ్మను చూచినవారు "చేతులు కడుగుకొను చోటు" అనిరి. గ్లాసును చూచినవారు "టీ దొరకును" అనిరి. కుండపై నీటిబొట్టును చూచినవారు మాత్రము "త్రాగునీళ్లు" అనిరి. కుండను మనము కడవ యందుము, తమిళులు కుడమందురు, కన్నడిగులు కొడ యందురు. పేర్లు మూడు, రూపమొకటే. కావున కుండనే నిర్ణయించితిమి.

పత్రపు ఎడమ పై మూలను మొదలుగా తీసికొని, ప్రక్కకును క్రిందికిని లెక్కింతము.

1. ఈ మీటను నొక్కి వృత్తసాధనమును తీసికొని, కంట్రోలు మీటను పట్టి, 16 వ్యాసముగల వృత్తము గీయవలెను. దాని కేంద్రము ప్రక్కకు 12, క్రిందికి 14 వద్ద నుండవలెను. ఇది కుండ పొట్ట.

2. ఆర్ మీటతో దీర్ఘచతురస్ర సాధనమును తీసికొని, 6 వెడల్పు, 5 ఎత్తుతో మెడను గీయవలెను. అది ప్రక్కకు 9 నుండి 15 వరకును, క్రిందికి 3 నుండి 8 వరకును ఉండును.

3. మరియొక దీర్ఘచతురస్రము 10 వెడల్పు, 2 ఎత్తుతో, క్రిందికి 2 నుండి 4 వరకు గీసి, మూలలను 1 వ్యాసార్ధముతో గుండ్రము చేయవలెను. ఇది మూతి అంచు.

4. మూడింటిని ఎంచుకొని, కంట్రోలుతో కూడిక గుర్తును నొక్కవలెను. మూడు ఆకారములు కలిసి ఒకటగును.

5. నీటిబొట్టుకొఱకు 6 వ్యాసముగల వృత్తమును ప్రక్కకు 12, క్రిందికి 15 కేంద్రముగా వేరు రంగులో గీయవలెను. షిఫ్టు, కంట్రోలు, సి నొక్కినచో అది పథముగా మారి, నాలుగు నోడులు కనబడును. నోడు అనగా వంపు ఆనుకొని నిలుచు బిందువు. ఎన్ మీటతో నోడు సాధనమును తీసికొని, పై నోడును 3 గడులు పైకి లాగవలెను. షిఫ్టు, సి నొక్కి దానిని కోణముగా మార్చి, దాని రెండు పిడులను లోనికి ముడిచినచో పైన మొన, క్రింద గుండ్రనగు బొట్టు ఏర్పడును.

6. బొట్టు పైన, కుండ క్రింద నుండగా రెండింటిని ఎంచుకొని, కంట్రోలుతో తీసివేత గుర్తును నొక్కవలెను. బొట్టు ఆకారమున కుండలో రంధ్రమేర్పడి, వెనుకనున్న రంగు అందులోనుండి కనబడును.

గుర్తు సిద్ధమైనది. దీనిని తెల్లని గోడపై నల్లగాను, నల్లని బోర్డుపై తెల్లగాను వాడవచ్చును; రంగుపై ఆధారపడదు. ఎరుపు, ఆకుపచ్చల భేదము తెలియని కన్నులుగలవారును కలరు గనుక రంగు లేకున్నను అర్థమగునదే గట్టి గుర్తు.

ఇది సమితుల పాఠమే

నాలుగవ, ఆరవ అంచెలలో మనము చేసినదేమి? సమితుల అధ్యాయమును చదివినవారు దానిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ప్రతి ఆకారమును బిందువుల సమితియని భావింపుడు. మూడు ఆకారములను కలుపుట సమ్మేళనము. కుండ నుండి బొట్టును తీసివేయుట భేదము. రెండింటికిని ఉమ్మడియైన భాగమును మాత్రమే నిలుపుట ఛేదనము. దానికి కంట్రోలుతో నక్షత్రపు గుర్తు. ఉమ్మడి భాగమును విడిచి మిగిలినదానిని నిలుపుట సౌష్ఠవభేదము. నల్లబల్లపై మీరు గీసిన వెన్ చిత్రములే ఇచట పనిముట్లయినవి. భేదమున క్రమము ముఖ్యమనియు మీరెరుగుదురు. ఇంక్‌స్కేప్‌లో క్రింది ఆకారము నుండి పై ఆకారము తీసివేయబడును. క్రమము తారుమారైనచో కుండ పోవును.

వంపుల రహస్యము

బొట్టు గీయునప్పుడు నోడునకు రెండు పిడులను చూచితిమి. ఈ పద్ధతి మోటారుకార్ల కర్మాగారములలో పుట్టినది. ఫ్రాన్సు దేశమున సిట్రోయెన్ సంస్థలో పాల్ ద కస్తెల్జో 1959లోను, రెనో సంస్థలో పియేర్ బెజియే 1960వ దశకమునందును కారు పైరేకుల వంపులను గణితముతో చెప్పు మార్గమును విడివిడిగా కనుగొనిరి. రెండవ వాని పేరే ఈ వక్రములకు నిలిచినది.

పిడి యనగా ఆ నోడు వద్ద వక్రమునకు స్పర్శరేఖ. పిడి చూపిన దిక్కునకే గీత బయలుదేరును. పిడి ఎంత పొడవైన అంత దూరము ఆ దిక్కును విడువదు. ఒక వృత్తమును పథముగా మార్చినచో పైన, క్రింద, కుడి, ఎడమల నాలుగు నోడులుండును. ప్రతి పిడి పొడవు వ్యాసార్ధమున సుమారు 0.5523 వంతు. 10 వ్యాసార్ధమునకు పిడి 5.52 అగును. దీనిని కొలిచి చూచుట మంచి సాధన.

నోడులు ఎంత తక్కువైన వంపు అంత నునుపు. చేతితో గీసిన గీతకు పదులకొలది నోడులేర్పడి వణకినట్లుండును. కంట్రోలు, ఎల్ నొక్కినచో కొన్ని తగ్గును. కాని ఆకారము కొంచెము మారును గనుక చూచి వాడవలెను. నోడులను వంపు కొసలయందు, అనగా మిక్కిలి పైన, మిక్కిలి ప్రక్కన నిలుపుట ఉత్తమము.

కొలబద్ద, కన్ను

కొలబద్దకు సమానమైనది కంటికి సమానము కాకపోవచ్చును. 20 ఎత్తుగల చదరమును, 20 వ్యాసముగల వృత్తమును ప్రక్కప్రక్కన ఉంచినచో చదరమే పెద్దదిగా తోచును. ఏలయనగా చదరపు వైశాల్యము 400. వృత్తపు వైశాల్యము సుమారు 314. కావున నిపుణులు వృత్తమునకు 20, చదరమునకు 18, నిలువు దీర్ఘచతురస్రమునకు 16, 20 కొలతలను వాడుదురు. వీని వైశాల్యములు వరుసగా 314, 324, 320. ఇంచుమించు సమానము! కన్ను ఎత్తును గాక, నిండిన చోటును తూచునని దీని భావము.

త్రిభుజమున మరియొక చిక్కు కలదు. పాట మొదలిడు గుర్తును చూడుడు: వృత్తము నడుమ కుడివైపునకు మొనగల త్రిభుజము. అమరిక పట్టికతో దానిని నడుమ నిలిపినచో ఎడమకు ఒరిగినట్లు తోచును. ఏలయనగా కంప్యూటరు త్రిభుజపు పొడవును సగము చేసి చూచును; కన్ను గురుత్వకేంద్రమును చూచును. ఆ కేంద్రము భూమి నుండి ఎత్తులో మూడవ వంతున నుండునని జ్యామితిలో చదివితిరి. ఎత్తు 9 అయినచో కంప్యూటరు నడిమి 4.5, గురుత్వకేంద్రము 3. భేదము 1.5. త్రిభుజమును మొన వైపునకు 1.5 జరిపినచో కంటికి కుదురును.

అనేక గుర్తులను ఒకే వరుసగా గీయునప్పుడు గీతల మందము, మూలల గుండ్రము, ఏటవాలు కోణము అన్నిటను ఒకటే యుండవలెను. కుండకు మూలలు గుండ్రముగాను, పుస్తకమునకు పదునుగాను ఉన్నచో అవి వేర్వేరు ఇండ్లవిగా కనబడును.

చిన్న పరిమాణమున పరీక్ష

తెరనిండ పెంచి గీయునప్పుడు ప్రతి బొమ్మయు అందముగానే యుండును. అది పరీక్ష కాదు. వ్యూ మెనూలోని ఐకాన్ ప్రివ్యూ అను కిటికీని తెరచినచో బొమ్మ 16, 24, 32, 48 వంటి పరిమాణములలో కనబడును. 16 పిక్సెళ్లలో మన బొట్టు వెడల్పు 4 పిక్సెళ్లగును, కనబడును. కుండపై పూలతీగ గీసియుండినచో అది మసియై పోవును. చిన్న పరిమాణమున నిలువని వివరమును నిర్దాక్షిణ్యముగా తీసివేయవలెను.

తరువాత గుర్తును అచ్చు తీసి, బడికి పదియడుగుల దూరమున గోడకు అంటించి, దానిని ముందెన్నడును చూడని వారిని అడుగవలెను. "ఇది కుండ కదా?" అని అడుగరాదు, "ఇచట ఏమి దొరకును?" అని అడుగవలెను. గీసినవాడు పక్కన నిలిచి వివరింపవలసిన గుర్తు గుర్తు కాదు.

తెలుగు అక్షరము, తెలుగు పేరు

గుర్తులో తెలుగు అక్షరము నుంచవలెనని కొందరికి కోరిక కలుగును. మన అక్షరమునకు పైన తలకట్టు, గుడులు, క్రింద వత్తులు ఉండును గనుక ఎత్తు ఎక్కువ కావలెను. 16 పిక్సెళ్లలో "స్త్రీ" అను అక్షరము ముద్దయై పోవును. పెద్ద బోర్డులకైనచో నిరభ్యంతరముగా వాడవచ్చును. కాని అక్షరమును పథముగా మార్చి పంపవలెను. లేనిచో మన ఫాంటు లేని కంప్యూటరుపై అది వేరొక రూపమున కనబడును. మార్చకముందున్న ప్రతిని వేరుగా దాచుకొనవలెను; పథమైన అక్షరమును మరల దిద్దలేము.

తెలుగునకు గుర్తులో మరియొక చోటు కలదు. అది కంటికి కనబడదు. బొమ్మను ఎంచుకొని కంట్రోలు, షిఫ్టు, ఓ నొక్కినచో వచ్చు పట్టికలో టైటిల్ అను గడి యుండును. అందు "త్రాగునీరు" అని తెలుగున వ్రాయుడు. ఎస్.వి.జి. ఫైలు అక్షరములతో వ్రాసిన పత్రమే గనుక, సాధారణమైన నోట్‌ప్యాడ్‌లో తెరచినను ఆ మాట తెలుగుననే కనబడును. చూపు లేనివారికొఱకు తెరను చదివి వినిపించు సాధనములు ఈ పేరును పలుకగలవు. బొమ్మ అందరిది, దాని పేరు మనది.

తలిదండ్రులకు

"కంప్యూటరు విద్య రావలెనన్నచో పిల్లవానిని తెలుగు మాధ్యమము నుండి మార్చవలెను గదా" అని ప్రతి వేసవిలోను కొందరు మమ్ములను అడుగుదురు. వారి ఆందోళన అకారణమని మేమనము. బిడ్డ జీవనము వారికి ముఖ్యము. అయితే ఈ పాఠమును మరల చూడగోరుచున్నాము. ఇందు పనికివచ్చినవి వృత్తము, వ్యాసార్ధము, స్పర్శరేఖ, గురుత్వకేంద్రము, సమ్మేళనము, భేదము. ఇవన్నియు మీ పిల్లలు తెలుగున నేర్చినవే. మెనూలలోని ఇంగ్లీషు మాటలు ముప్పదియో నలువదియో, వారమున పట్టుబడును. ఇంగ్లీషు వలదని మేము చెప్పుట లేదు, అదియు నేర్వవలసినదే. ఇరుగుపొరుగు భాషయు నేర్వవలసినదే. కాని భావము స్వభాషలో స్థిరపడిన పిల్లవానికి మీటల పేర్లు ఏ భాషలోనున్నను అడ్డు కావు. భావము పట్టుబడని పిల్లవానికి పేర్లు మాత్రము వచ్చిన ప్రయోజనమేమి?

ఇంకొక మాట. మన బడిగోడపై వెలయవలసిన గుర్తు ఏదియో దూరనగరమున నున్నవారికి తెలియదు. మన కడవ ఆకారము, మన అవ్వకు అర్థమగు బొమ్మ, మన పిల్లలకే తెలియును. ఆ పని వారి చేతులకొఱకు వేచియున్నది.

అభ్యాసము

1. ఈ పాఠములోని కుండ గుర్తును గీసి, 16, 24, 48 పిక్సెళ్లలో చూచి, భేదములను వ్రాయుడు.

2. 22 వ్యాసముగల వృత్తమునకు సమానముగా తోచు చదరపు భుజమెంత యుండవలెను? వైశాల్యములతో లెక్కించి, గీసి, కంటితో సరిచూడుడు.

3. రెండు సమాన వృత్తములను తీసికొని, భేదముతో నెలవంకను, ఛేదనముతో ఆకును గీయుడు.

4. గ్రంథాలయము, భోజనశాల, ప్రథమచికిత్స, మరుగుదొడ్డి — ఈ నాలుగింటికి ఒకే వరుసకు చెందిన గుర్తులను గీయుడు. గీతల మందము 2 పిక్సెళ్లు దాటరాదు.

5. మీ గుర్తులను చదువురాని పెద్దలు ముగ్గురికి, పొరుగుభాషవారు ముగ్గురికి చూపి, వారు చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసి తెండు. ఎక్కువమందికి అర్థమైన గుర్తులను అచ్చు తీసి బడిగోడలపై అంటింతము.